‘ఎకో ఫ్రెండ్లీ’ ప్లాస్టిక్‌ను పరీక్షించడం ఎలా: లేబుల్ చదవడం నుంచి ఫిర్యాదు దాకా

కిరాణా కొట్టులో చెత్త సంచుల చుట్ట కొన్నా, కర్రీ పాయింట్‌లో సాంబారు కట్టించుకున్నా, ఆన్‌లైన్‌లో టిఫిన్ డబ్బాలు తెప్పించుకున్నా, వస్తువు మీదో దాని అట్టపెట్టె మీదో ఒక ఆకు బొమ్మ, దాని పక్కన ‘ఎకో ఫ్రెండ్లీ’, ‘బయోడిగ్రేడబుల్’, ‘100 శాతం రీసైక్లబుల్’ వంటి మాటల్లో ఏదో ఒకటి కనిపిస్తుంది. వీటిలో కొన్ని నిజాలు, కొన్ని సగం నిజాలు, కొన్ని పూర్తిగా అబద్ధాలు. ఏది ఏదో తేల్చుకోవడానికి రసాయనశాస్త్రం చదివి ఉండనక్కర్లేదు. ఆ మాట రాసినవారు నాలుగు సంగతులు చెప్పారో లేదో చూస్తే చాలు: ఆ మాట వస్తువు మొత్తానికి వర్తిస్తుందా, ఏదో ఒక భాగానికేనా, ఎలాంటి చోట పడితే అది నిజమవుతుంది, ఎన్ని రోజుల్లో నిజమవుతుంది, ఆ సంగతిని ఎవరు పరీక్షించి ధ్రువీకరించారు. ఈ నాలుగింటికీ జవాబు దొరకని లేబుల్‌ను నమ్మాల్సిన అవసరం కొనేవారికి లేదు. జవాబు చెప్పుకోవాల్సింది అమ్మేవారే.

అసలు ఇంతమంది ఈ మాటలను ఎందుకు ముద్రిస్తున్నారో ముందు తెలుసుకుంటే మిగతా పని సులువవుతుంది. కొనేవారిని ఆకట్టుకోవడం ఒక కారణం. మన దేశంలో అంతకంటే బలమైన కారణం మరొకటి ఉంది. ప్లాస్టిక్ వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం 2022 డిసెంబరు 31 నుంచి మామూలు ప్లాస్టిక్ క్యారీబ్యాగు మందం 120 మైక్రాన్లకు తగ్గకూడదు. 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ స్పూన్లు, స్ట్రాలు, ప్లేట్లు, గ్లాసులు వంటి ఒక్కసారి వాడి పారేసే వస్తువులపై నిషేధం ఉంది. కంపోస్టబుల్ ప్లాస్టిక్‌కు ఈ మందం నియమం నుంచి, ఆ నిషేధం నుంచి మినహాయింపు ఇచ్చారు. దాంతో పల్చటి పాలిథిన్ కవరు మీద ‘కంపోస్టబుల్’ అని అచ్చు వేస్తే తనిఖీ నుంచి తప్పించుకోవచ్చనే ఆశ కొందరు తయారీదారులకు పుట్టింది. నిజంగా ఖర్చుపెట్టి, పరీక్షలు చేయించి, మంచి సరుకు తయారుచేసే చిన్న సంస్థలకు ఈ దొంగ అచ్చు చేసే నష్టం చాలా పెద్దది. అందుకే ఈ పరీక్షను సంచి మీద కోపంతో కాక, నిజాయితీగా వ్యాపారం చేసేవారి పట్ల బాధ్యతగా కూడా చేయాలని నా అభిప్రాయం.

మొదటి అడుగు: బొమ్మలను పక్కన పెట్టి మాటలను రాసుకోండి

వస్తువును చేతిలోకి తీసుకుని, దాని మీద పర్యావరణానికి సంబంధించి అచ్చయిన ప్రతి మాటనూ ఒక కాగితం మీద ఉన్నది ఉన్నట్లు రాసుకోండి. ఆకుపచ్చ రంగు, ఆకులు, భూగోళం, నీటి చుక్క వంటి బొమ్మలను ప్రస్తుతానికి లెక్కలోకి తీసుకోవద్దు. ఎందుకంటే కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 అక్టోబరు 15న జారీ చేసిన మార్గదర్శకాలు, మోసానికి దారితీయనంత వరకు సాధారణమైన రంగులనూ చిత్రాలనూ తప్పుగా పరిగణించవు. కానీ తప్పుదోవ పట్టించే మాటలు, గుర్తులు, చిత్రాలు, నిజాన్ని దాచిపెట్టడం, గోరంతను కొండంత చేయడం మాత్రం ఆ మార్గదర్శకాల ప్రకారం నిషిద్ధం. కాబట్టి మీ వాదన నిలబడేది మాటల మీద.

రాసుకున్న మాటలను రెండు వరుసలుగా విడదీయండి. ‘గ్రీన్’, ‘ఎకో ఫ్రెండ్లీ’, ‘నేచురల్’, ‘సస్టెయినబుల్’, ‘భూమికి మేలు’ వంటివి ఒక వరుస. వీటిని తగిన వివరణ, తగిన ఆధారం లేకుండా వాడకూడదని ఆ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ‘కంపోస్టబుల్’, ‘డిగ్రేడబుల్’, ‘రీసైక్లబుల్’, ‘ప్లాస్టిక్ ఫ్రీ’, ‘నాన్ టాక్సిక్’ వంటివి రెండో వరుస. ఇవి నిర్దిష్టమైన వాగ్దానాలు కనుక వీటికి నమ్మదగిన ధ్రువీకరణ గానీ శాస్త్రీయమైన సాక్ష్యం గానీ ఉండి తీరాలి. మొదటి వరుస మాటలు మాత్రమే ఉండి రెండో వరుసలో ఒక్కటీ లేని వస్తువు మీద ఎక్కువ సమయం వెచ్చించనక్కర్లేదు. దానికోసం ఒక్క రూపాయి కూడా అదనంగా చెల్లించకండి.

రెండో అడుగు: ఒక్కొక్క మాట దేనికి కట్టుబడిందో చూడండి

ముందుగా ‘కంపోస్టబుల్’. మన దేశంలో దీనికి ప్రమాణం ఐఎస్/ఐఎస్ఓ 17088. పారిశ్రామిక కంపోస్టు కేంద్రంలో, సుమారు 58 డిగ్రీల సెల్సియస్ వేడి నిలకడగా ఉన్నచోట, పన్నెండు వారాల తరవాత 2 మిల్లీమీటర్ల జల్లెడలో పోస్తే పైన మిగిలే పదార్థం పది శాతానికి మించకూడదు. అందులోని సేంద్రియ కార్బన్‌లో కనీసం 90 శాతం 180 రోజుల్లోపు సూక్ష్మజీవులకు ఆహారమై కార్బన్ డయాక్సైడ్‌గా మారాలి. తయారైన ఎరువు మొక్కలకు హాని చేయకూడదు, భార లోహాలు పరిమితి దాటకూడదు. ఇక్కడ అసలు సంగతి ఆ వేడి. బాల్కనీలో పెట్టుకున్న మట్టికుండీలోనో పెరట్లో తవ్విన గోతిలోనో అంత వేడి వారాల తరబడి నిలవదు. అందువల్ల నిజాయితీగా ధ్రువీకరణ పొందిన సంచి కూడా మీ కుండీలో నెలల తరవాత సంచిలాగే కనిపించవచ్చు. ఆ సంచిలో మోసం ఉందని దీనర్థం కాదు; అది ఎక్కడ కంపోస్టు అవుతుందో లేబుల్ చెప్పకపోవడమే లోపం. పారిశ్రామిక కంపోస్టింగ్‌లో మాత్రమే కంపోస్టు అవుతుందన్న మాట సంచి మీద ఉండాలని సవరించిన నిబంధనలు కోరుతున్నది కూడా ఇందుకే.

2021 ఆగస్టులో తిరుమలలో లడ్డూ ప్రసాదం కోసం, రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓకు చెందిన హైదరాబాద్ ప్రయోగశాల రూపొందించిన మొక్కజొన్న పిండి సంచుల విక్రయ కౌంటర్ మొదలైంది. అప్పటి నుంచి ఈ తరహా సంచులు తెలుగువారికి బాగా పరిచయమయ్యాయి. మంచిదే. అయితే వేరెవరో తయారుచేసిన సంచి మీద ‘మొక్కజొన్న పిండితో చేసినది’ అని రాసి ఉంటే అది ముడిసరుకు గురించిన మాటే తప్ప, ఆ సంచి చివరికి ఏమవుతుందో చెప్పే మాట కాదు. పాలిథిన్‌లో కొంత పిండి కలిపి కూడా సంచులు చేయవచ్చు. పిండి భాగం కుళ్ళిపోతుంది, పాలిథిన్ తునకలుగా మిగులుతుంది.

‘బయోడిగ్రేడబుల్’ అనే మాట ఇంకా జారుడుది. కాలానికి పరిమితి లేకపోతే చెక్కబల్ల కూడా బయోడిగ్రేడబులే. మన నిబంధనల్లో 2024 మార్చి సవరణ తరవాత దీని నిర్వచనం గట్టిపడింది: నేల, చెత్త పాతర, మురుగు, మంచినీరు, సముద్రం వంటి ఒక నిర్దిష్టమైన పరిసరంలో, మైక్రోప్లాస్టిక్‌లను (అతి సూక్ష్మమైన ప్లాస్టిక్ రేణువులను) గానీ కంటికి కనిపించే అవశేషాన్ని గానీ విషపదార్థాన్ని గానీ మిగల్చకుండా జీవక్రియల ద్వారా విచ్ఛిన్నం కావాలి. ఏ పరిసరంలో, ఎన్ని రోజుల్లో అన్నది లేబుల్ మీద లేకుండా ‘బయోడిగ్రేడబుల్’ అని ఉత్తినే అచ్చు వేసిన ప్లాస్టిక్ సంచి ఈ నిర్వచనం దగ్గరే తేలిపోతుంది.

చెత్త సంచుల చుట్టల మీద తరచుగా కనిపించే ‘ఆక్సో బయోడిగ్రేడబుల్’ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఇది మామూలు పాలిథినే. అందులో మాంగనీసు, ఇనుము, కోబాల్టు వంటి లోహాల లవణాలను కలుపుతారు. ఎండ, వేడి, గాలి తగిలినప్పుడు ఆ లవణాల వల్ల పాలిథిన్ పొడిపొడిగా రాలిపోతుంది. చూసేవారికి అది కరిగిపోయినట్లు అనిపిస్తుంది, కానీ నేలలోకి చేరేది ఏరివేయడానికి వీలు కాని ప్లాస్టిక్ పొడి. ఈ రకం ప్లాస్టిక్‌తో చేసిన వస్తువులను యూరోపియన్ యూనియన్ 2021 జూలై 3 నుంచి మార్కెట్లో నిషేధించింది. మామూలు ప్లాస్టిక్ సంచి కనీసం ఒకే ముక్కగా దొరుకుతుంది, పారిశుద్ధ్య కార్మికులు దాన్ని తీయగలరు. ఆ లెక్కన ‘ఆక్సో’ సంచి మామూలు సంచి కంటే హీనమని నేను నిస్సంకోచంగా చెబుతాను. పెట్టె మీద, ఏఎస్‌టీఎం అనే అమెరికా ప్రమాణాల సంస్థ పేరుతో ‘ఏఎస్‌టీఎం డీ6954’ అని ఉంటే అది ఈ జాతిదేనని గుర్తుపట్టండి. ‘ఏఎస్‌టీఎం డీ5511’ అని ఉంటే, అది ఒక పరీక్షా పద్ధతి పేరు మాత్రమే. అందులో ఉత్తీర్ణత అంటూ ఒక గీత లేదు. పరీక్ష రాశామని చెప్పి మార్కులు చెప్పకపోవడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే.

‘రీసైక్లబుల్’, ‘రీసైకిల్డ్’ అనేవి వేర్వేరు వాగ్దానాలు. మొదటిది భవిష్యత్తుకు సంబంధించినది, రెండోది జరిగిపోయినదానికి సంబంధించినది. రీసైకిల్ చేసిన ప్లాస్టిక్ వాడామంటే ఎంత శాతమో చెప్పాలి. అది జనం వాడి పారేసిన ప్లాస్టిక్ నుంచి వచ్చిందో లేదో కూడా చెప్పాలి. సొంత కర్మాగారంలో అచ్చు పోసేటప్పుడు మిగిలిన తునకలను అదే యంత్రంలో మళ్ళీ కరిగించుకోవడం ఏ కర్మాగారమైనా పొదుపు కోసం చేసే పనే, దాన్ని రీసైకిల్ వాటాగా లెక్కపెట్టుకోవడానికి ఐఎస్ఓ 14021 ప్రమాణం ఒప్పుకోదు.

డబ్బా అడుగున బాణాల త్రికోణం, దాని మధ్య 1 నుంచి 7 వరకు ఒక అంకె ఉంటాయి. చాలామంది దీన్ని రీసైక్లింగ్ హామీగా భావిస్తారు. 1988లో అమెరికాలోని ప్లాస్టిక్ పరిశ్రమ సంఘం ఆ అంకెలను పెట్టింది, ఏ రకం ప్లాస్టికో తెలియడానికే. ఒకటి పెట్, రెండు హెచ్‌డీపీఈ, మూడు పీవీసీ, నాలుగు ఎల్‌డీపీఈ, ఐదు పాలీప్రొపిలీన్, ఆరు పాలీస్టైరీన్, ఏడు మిగిలినవన్నీ. ఈ గందరగోళం పోవడానికి 2013లో ఆ అంకెల గుర్తుకు సంబంధించిన ప్రమాణంలో బాణాలను తీసేసి మామూలు త్రికోణం పెట్టారు గానీ, పాత అచ్చులు ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి.

చివరగా ‘ఫలానాది లేదు’ అనే మాటలు. పాలీప్రొపిలీన్ టిఫిన్ డబ్బా మీద, అంటే అడుగున 5 ఉన్న దానిమీద, పెద్ద అక్షరాలతో ‘బీపీఏ ఫ్రీ’ అని ఉంటుంది. బీపీఏ అనే రసాయనం పాలీకార్బొనేట్ తయారీలోనూ ఎపాక్సీ పూతల్లోనూ వాడేది. పాలీప్రొపిలీన్ తయారీలో దాని అవసరమే లేదు. మాట అబద్ధం కాదు, కానీ పోటీ కంపెనీ డబ్బాలో అది ఉందేమోనన్న భయాన్ని పుట్టించి అమ్ముకునే ఎత్తు.

మూడో అడుగు: నంబరును వెతికి సరిచూడండి

కంపోస్టబుల్ లేదా బయోడిగ్రేడబుల్ ప్లాస్టిక్ సంచులను, వస్తువులను తయారుచేసేవారు, అమ్మేవారు మార్కెట్లోకి తెచ్చే ముందు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నుంచి ధ్రువపత్రం తీసుకోవాలి. కంపోస్టబుల్ సంచి మీద తయారీదారు పేరు, ఆ ధ్రువపత్రం సంఖ్య ఉండాలి. 2025 జూలై 1 నుంచి ప్లాస్టిక్ ప్యాకేజింగ్‌కు సంబంధించిన ఇలాంటి వివరాలను బార్‌కోడ్ లేదా క్యూఆర్ కోడ్ రూపంలో ఇవ్వడానికి కూడా వీలు కల్పించారు, కాబట్టి సంచి మీద సంఖ్య కనిపించకపోతే కోడ్‌ను ఫోన్‌తో స్కాన్ చేసి చూడండి.

సంఖ్య దొరికితే మండలి వెబ్‌సైట్‌లో ధ్రువీకరణ పొందిన సంస్థల జాబితా తెరిచి మూడు సంగతులు పోల్చండి: సంస్థ పేరు, చిరునామా సంచి మీద ఉన్నవేనా, ధ్రువపత్రం మీ చేతిలో ఉన్న రకం వస్తువుకే ఇచ్చారా, దాని గడువు తీరిపోయిందా. రెండోదాన్ని చాలామంది పట్టించుకోరు. పల్చటి సంచికి చేసిన పరీక్ష మందపాటి గిన్నెకు చెల్లదు, ఎందుకంటే మందం పెరిగినకొద్దీ విచ్ఛిన్నం కావడానికి పట్టే కాలం పెరుగుతుంది. సంఖ్య లేకుండా మండలి పేరును మాత్రమే వాడుకుని ‘ధ్రువీకరించినది’ అని అచ్చు వేస్తే, అది సంఖ్య లేని రేషన్ కార్డు కింద లెక్క.

అసలైన నంబరు లేనప్పుడు ఆ చోటును నింపడానికి వాడే సరుకు మరికొంత ఉంది. ‘ఐఎస్ఓ 9001’ కర్మాగారం పనితీరుకు, ‘ఐఎస్ఓ 14001’ ఆ సంస్థ పర్యావరణ నిర్వహణ వ్యవస్థకు ఇచ్చేవి; మీ చేతిలోని సంచి గురించి ఆ రెండూ ఏమీ చెప్పవు. ప్యాకెట్ మీద ఉండే ప్లాస్టిక్ వ్యర్థాల నమోదు సంఖ్య కూడా అంతే. మార్కెట్లోకి వదిలిన ప్లాస్టిక్‌ను తిరిగి సేకరించే బాధ్యత ఆ సంస్థకు ఉందని అది తెలుపుతుంది, అంతవరకే. విదేశీ సరుకు మీద రెండు బాణాలు ఒకదాన్నొకటి చుట్టుకున్న ‘గ్రీన్ డాట్’ కనిపిస్తే, ఆ సంస్థ అక్కడి ప్యాకేజింగ్ సేకరణ వ్యవస్థకు రుసుము చెల్లించిందని అర్థం.

నమ్మదగిన గుర్తులు కూడా ఉన్నాయి. మట్టికుండ బొమ్మతో ఉండే ఎకోమార్క్ 1991లో మొదలైంది. 2024లో కొత్త నియమాలు వచ్చాయి. దుకాణాల్లో అరుదుగా కనిపిస్తుంది. ఇంటి కంపోస్టులో కుళ్ళాలంటే ‘ఓకే కంపోస్ట్ హోమ్’ అనే గుర్తు, దాని కింద సంఖ్య ఉన్నాయేమో చూడండి. మామూలు వాతావరణపు వేడిలో, ఏడాది లోపు కుళ్ళడాన్ని పరీక్షించి ఇచ్చేది అది. ‘ఓకే కంపోస్ట్ ఇండస్ట్రియల్’ ఉంటే మళ్ళీ పారిశ్రామిక కేంద్రం సంగతికే వస్తాము.

నాలుగో అడుగు: చేత్తో పట్టి చూడండి

ఇంట్లో చేసే పరీక్షలు ప్రయోగశాలకు ప్రత్యామ్నాయం కావు, అయినా కొన్ని అబద్ధాలను అక్కడికక్కడే బయటపెడతాయి. ముఖ్యంగా సంచుల విషయంలో నీటి పరీక్ష చాలా ఉపయోగపడుతుంది. సంచిలో రంగు అచ్చు లేని చోటు నుంచి బొటనవేలి గోరంత ముక్కను కత్తిరించండి. గాజుగ్లాసులో నీళ్ళు పోసి, గిన్నెలు తోమే ద్రవం ఒక చుక్క కలపండి. అది లేకపోతే నీటి పైపొర పట్టు వల్ల ఎలాంటి ముక్కైనా తేలినట్లే కనిపిస్తుంది. ముక్కను చెంచాతో అడుగుకు నొక్కి, దానికి అంటుకున్న గాలి బుడగలన్నీ పోయేలా రుద్ది వదలండి. పాలిథిన్, పాలీప్రొపిలీన్ నీటి కంటే తేలిక కనుక పైకి లేస్తాయి. కంపోస్టబుల్ సంచుల్లో వాడే పీఎల్‌ఏ, పీబీఏటీ వంటి కుళ్ళే రకం ప్లాస్టిక్‌లు నీటి కంటే బరువు, వాటి సాంద్రత 1.2 పైనే ఉంటుంది, కాబట్టి మునుగుతాయి. ‘కంపోస్టబుల్’ అని రాసిన ముక్క మళ్ళీ మళ్ళీ పైకి తేలుతుంటే ఆ లేబుల్‌ను గట్టిగా అనుమానించవచ్చు. మునిగితే మాత్రం ఏమీ తేలినట్లు కాదు. పాలిథిన్‌లో సుద్దపొడి ఎక్కువగా కలిపినా మునుగుతుంది. కాల్చి చూడమని కొందరు సలహా ఇస్తారు. దయచేసి ఆ పని చేయకండి, పీవీసీ వంటివి కాలితే వచ్చే పొగ చాలా ప్రమాదకరం.

పెళ్ళిళ్ళలో తాంబూలం పెట్టి ఇచ్చే రంగురంగుల ‘గుడ్డ’ సంచులను వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూడండి. పడుగు, పేక కనిపించవు. వరుసగా చిన్న చిన్న నొక్కుల చుక్కలు కనిపిస్తాయి. అంచు పట్టి లాగితే దారం ఊడిరాదు, దూదిలా పీచు లేస్తుంది. అది పాలీప్రొపిలీన్ పోగులను వేడితో అతికించిన నాన్ ఓవెన్ ప్లాస్టిక్. దానికి నిబంధనల్లో చదరపు మీటరుకు 60 గ్రాముల కనీస బరువు ఉందంటేనే అది గుడ్డ కాదని ప్రభుత్వమూ గుర్తించినట్లు. గట్టిగా ఉన్నదాన్ని పదేపదే వాడుకోండి, తప్పులేదు. దాన్ని నూలు సంచి అని నమ్మించడమే తప్పు.

పేపర్ గ్లాసును నిలువునా చింపి రాత్రంతా నీళ్ళలో నానబెడితే, పొద్దునకు కాగితం మెత్తబడి లోపలి వైపు నుంచి సన్నటి పారదర్శకమైన పొర చేతికి వస్తుంది. చాలావరకు అది పాలిథిన్. ఖరగ్‌పూర్ ఐఐటీ పరిశోధకులు, అలాంటి గ్లాసులో 85 నుంచి 90 డిగ్రీల వేడి ఉన్న 100 మిల్లీలీటర్ల ద్రవం 15 నిమిషాలు ఉంటే సుమారు 25,000 మైక్రోప్లాస్టిక్ రేణువులు అందులోకి చేరతాయని తేల్చారు. అరిటాకు బొమ్మ అచ్చు వేసిన విందు భోజనాల కాగితపు ప్లేట్లకూ ఇదే నానబెట్టే పరీక్ష చేయండి. ఆకులతో కుట్టిన విస్తరి వెనక మెరిసే పొర అతికించి ఉంటే అది కూడా అదే బాపతు. వెదురు బ్రష్షులకైతే పరీక్ష అవసరం లేదు: పిడి వెదురే, కుచ్చు సాధారణంగా నైలాన్, కనుక ‘100 శాతం’ అనే మాట పిడి దగ్గర ఆగిపోవాలి. వెదురు పొడిని మెలమైన్ రెసిన్‌లో కలిపి పోసిన కప్పులు ఇంకా నష్టం చేసేవి, వేడి పానీయాలకు వాటిని వాడకండి. అలాంటి వాటిని అనుమతి లేని ఆహార పాత్రలుగా యూరప్ దేశాలు మార్కెట్ నుంచి వెనక్కి తీయించాయి.

ఐదో అడుగు: మీ ఊళ్ళో అది ఎక్కడికి చేరుతుందో కనుక్కోండి

లేబుల్ పూర్తిగా నిజమే అయినా, ఆ నిజం జరిగే చోటు మీ ఊళ్ళో లేకపోతే మీకు దక్కే ప్రయోజనం సున్నా. మీ వీధికి వచ్చే చెత్తబండి సిబ్బందిని అడగండి: తడి చెత్తలో ఇలాంటి సంచి కనిపిస్తే ఏం చేస్తారు? చాలాచోట్ల వచ్చే జవాబు ఒక్కటే, తీసి పక్కన పడేస్తామని. వాళ్ళ తప్పు కాదు. పరుగెత్తే బండి దగ్గర కంపోస్టబుల్ సంచిని, పాలిథిన్ సంచిని చూపుతో విడదీయడం ఎవరికీ సాధ్యం కాదు. అలా డంపింగ్ యార్డుకు చేరిన ధ్రువీకృత సంచి, గాలి ఆడని ఆ గుట్టలో ఏళ్ళ తరబడి అలాగే ఉండవచ్చు.

రీసైక్లింగ్ విషయంలో ఇంతకంటే సులువైన కొలమానం ఉంది. పాత సామాన్లు కొనే దుకాణానికి ఆ వస్తువును తీసుకెళ్ళి డబ్బిస్తారా అని అడగండి. నీళ్ళ సీసాలు, షాంపూ డబ్బాలు, బకెట్లు, టిఫిన్ డబ్బాలు తూకానికి కొంటారు. చిప్స్ ప్యాకెట్, షాంపూ సాచెట్, టూత్‌పేస్ట్ గొట్టం వంటి పొరలు పొరలుగా అతికించినవాటిని చూసి తల అడ్డంగా ఊపుతారు; అవి దొరికినంతలో సిమెంటు బట్టీల్లో ఇంధనంగా పోతాయి. ప్రయోగశాలలో రీసైకిల్ కాగలిగినా, మీ పట్టణంలో ఎవరూ కొనని ప్యాకెట్ మీద ‘రీసైక్లబుల్’ అనే మాట మీకు అబద్ధంతో సమానం.

అమెరికాలో ఉన్న తెలుగువారికి ఇక్కడ ఒక మాట. అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ మార్గదర్శకాల ప్రకారం, మామూలుగా పారేసే పద్ధతిలో పారేశాక ఏడాది లోపు పూర్తిగా కుళ్ళిపోని వస్తువును వివరణ లేకుండా ‘డిగ్రేడబుల్’ అనకూడదు. చెత్త పాతరకు వెళ్ళే వస్తువులకు ఆ మాట చెల్లదన్నమాట.

ఆరో అడుగు: రాతపూర్వకంగా అడగండి

వినియోగదారుల సేవా విభాగానికి ఫోన్ చేస్తే తియ్యటి మాటలే దక్కుతాయి, కాబట్టి ఈమెయిల్ రాయండి. ఇలా రాస్తే సరిపోతుంది: “ఫలానా తేదీన కొన్న మీ చెత్త సంచుల మీద, బ్యాచ్ సంఖ్య ఇది, ‘బయోడిగ్రేడబుల్’ అని అచ్చయి ఉంది. ఈ మాట సంచికి వర్తిస్తుందా, దాని ప్యాకింగ్‌కా? ఏ పరిసరంలో, ఎన్ని రోజుల్లో కుళ్ళుతుంది? కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ధ్రువపత్రం సంఖ్య, ఏ ప్రమాణం ప్రకారం ఏ ప్రయోగశాల పరీక్షించిందన్న నివేదిక పంపగలరు. పదిహేను రోజుల్లోపు జవాబు ఆశిస్తున్నాను.” లేబుల్ ఫోటోలను, బిల్లును జతచేయండి. వాదనలు, నిందలు వద్దు. నిజాయితీ గల సంస్థలు సాధారణంగా ధ్రువపత్రం నకలును పంపిస్తాయి. ‘మా ఉత్పత్తులన్నీ ప్రకృతి పట్ల ప్రేమతో చేసినవి’ వంటి జవాబు వస్తే, దాన్ని కూడా భద్రపరచండి. అడిగినా ఆధారం చూపలేదనడానికి అదే సాక్ష్యం.

కొట్టు యజమాని మీద కేకలు వేయడం వల్ల ప్రయోజనం లేదు. ఎక్కువమంది చిల్లర వర్తకులు ఆ లేబుల్‌ను మనలాగే నమ్మి కొన్నవాళ్ళు. హోల్‌సేల్‌లో ఎవరి దగ్గర కొన్నారో అడిగి, వీలైతే ఆ బిల్లు ఫోటో తీసుకోండి. ఫిర్యాదుకు అది చాలా బలం.

ఏడో అడుగు: సరైన చోట ఫిర్యాదు చేయండి

లేబుల్ మీద అబద్ధం రాస్తే అది ప్రకటన కిందికి వస్తుందా అన్న సందేహం చాలామందికి ఉంటుంది. వస్తుంది. వినియోగదారుల రక్షణ చట్టం 2019 లోని 2(1) నిబంధనలో ‘ప్రకటన’ నిర్వచనంలోకి లేబుల్‌ను, ర్యాపర్‌ను, ఇన్వాయిస్‌ను స్పష్టంగా చేర్చారు. తప్పుదోవ పట్టించే ప్రకటనకు 21వ సెక్షన్ కింద తయారీదారుకు 10 లక్షల రూపాయల వరకు, మళ్ళీ అదే తప్పు చేస్తే 50 లక్షల వరకు జరిమానా విధించే అధికారం కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు ఉంది.

మొదట జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పండి, తెలుగులో మాట్లాడవచ్చు. ఫిర్యాదు సంఖ్య తీసుకోవడం మరవకండి. మీ ఒక్కరి నష్టం కాక, కొనేవారందరినీ తప్పుదోవ పట్టించే లేబుల్ అనిపిస్తే 17వ సెక్షన్ కింద జిల్లా కలెక్టరుకు గానీ నేరుగా ప్రాధికార సంస్థకు గానీ రాతపూర్వకంగా, లేదా ఈమెయిల్‌లో ఫిర్యాదు ఇవ్వవచ్చు. ధ్రువపత్రం లేకుండా ‘కంపోస్టబుల్’ సంచులు అమ్ముతున్న సందర్భంలో తెలంగాణ లేదా ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలికి, మీ మునిసిపాలిటీకి కూడా నకలు పంపండి. సరుకును స్వాధీనం చేసుకుని పరీక్షకు పంపగలిగేది వాళ్ళే. ప్రకటనల స్వీయ నియంత్రణ సంస్థ అయిన ఆస్కీ కూడా 2024 ఫిబ్రవరి 15 నుంచి పర్యావరణ ప్రకటనలకు ప్రత్యేక నియమాలను అమలు చేస్తోంది. టీవీ, సోషల్ మీడియా ప్రకటనల విషయంలో అక్కడికి వెళ్ళడం వేగమైన మార్గం.

మీరు చెల్లించిన డబ్బు వాపసు, పరిహారం కావాలంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయాలి. ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్ ద్వారా వేయవచ్చు, వస్తువుకు చెల్లించిన ధర 5 లక్షల లోపు ఉంటే రుసుము లేదు, న్యాయవాది తప్పనిసరి కాదు. కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్ళ లోపు దాఖలు చేయాలి. అప్పటిదాకా బిల్లు, ప్యాకెట్, వాడని సంచులు కనీసం రెండు, ఈమెయిల్ ప్రతులు ఒకే కవరులో పెట్టి, ఎండ తగలని చోట ఉంచండి. ఆక్సో సంచులైతే ఎండలో సాక్ష్యమే పొడిగా రాలిపోతుంది.